బెంగాలీ బాబు రాసిన తెలుగు పాట

హరిపద పుట్టింది డోన్‌లో, రైల్వే క్వార్టర్లలో. ఎక్కడో బెంగాల్ నుంచి వచ్చి గార్డు ఉద్యోగంలో కుదిరిన తండ్రి, కొడుక్కి ఎనిమిదేళ్లు నిండకముందే పోయాడు. తల్లి తిరిగి వెళ్లలేదు. వెళ్లడానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. ఆమె దగ్గర హరిపదకు అబ్బిన బెంగాలీ, అన్నం అడగడానికీ తిట్లు తినడానికీ సరిపోయేంత. మిగతా బతుకంతా తెలుగే. ఆలూరు నుంచి వేరుశనగ మూటలు తెచ్చే బండ్లవాళ్ల దగ్గర పల్లె పదాలు, రైల్వే భజన మండలిలో హార్మోనియం నేర్చాడు. పదహారో ఏట సొంతంగా పాటలు కట్టడం మొదలుపెట్టాడు.

1953లో కర్నూలు రాజధాని అయింది. కొత్త ఆఫీసర్ల ముందు తామూ నాగరికులమేనని చూపించుకోవాలని చుట్టుపక్కల పెద్దమనుషులకు ఒకటే ఆరాటం; బెంగాలీ కళంటే మరీ మోజు. ఆ గాలి పసిగట్టిన నాటకాల కంట్రాక్టరు శేషన్న నేరుగా హరిపదను పట్టుకున్నాడు.

"నీ మాదిరి పాడేవాళ్లు ఊరికి పదిమంది ఉండారు. బెంగాలీవాడు యాడుండాడు, చెప్పు?"

కరపత్రంలో "మూడు నెలల కిందట కలకత్తా నుండి విచ్చేసిన గాయక నటరత్నం" అని వేయించాడు. రెండేళ్లపాటు ప్రతి కరపత్రంలోనూ ఆ మూడు నెలలు మూడు నెలలుగానే ఉన్నాయి. ఆ నటరత్నం కలకత్తాను చూసింది బడిలో గోడకున్న పటంలోనే.

స్టేజీ దిగాక కూడా తెలుగు తడబడుతూ మాట్లాడాలని షరతు. ఒకసారి టీ అంగడిలో "ఏమప్పా, ఇంకొంచెం చక్కెరెయ్యి" అన్నందుకు శేషన్న వారం రోజులు ముఖం చూడలేదు. ప్రతి ఆటలో ఒక బెంగాలీ పాట తప్పనిసరి. హరిపదకు వచ్చినవి తల్లి పాడిన జోలపాటలే. వాటినే గొంతు చించుకుని పాడితే, ముందు వరుస పెద్దలు కళ్లు మూసుకుని "ఆహా, ఎంత వేదాంతం!" అని తలలూపేవాళ్లు.

ఇదంతా అతను ఓర్చుకున్నది ఒక్క మాట కోసం. కొత్త నాటకంలో రాజు చనిపోతూ పాడే పాట హరిపద రాసిందే. ఒంటిమిట్ట తిరునాళ్లలో ఆ సంగతి స్టేజీ మీద చెప్తానని శేషన్న మాటిచ్చాడు.

ఆ రోజు రాజు వేషంలో హరిపద నేలకొరిగి పాడాడు:

"ఎండిన చేనికి ఏం జెప్పి పోదునో,
వాన రాకముందే వెళ్లిపోతున్నానే..."

ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. ఆ ప్రాంతపు భూస్వామి ఓబుళరెడ్డి లేచి "వన్స్ మోర్!" అన్నాడు. మన నాటకాల్లో రెడ్డి వన్స్ మోర్ అంటే యముడు కూడా పక్కకు తప్పుకోవాలి. చచ్చిన రాజు లేచి, కిరీటం సర్దుకుని, మళ్లీ పాడి, మళ్లీ చచ్చాడు.

అప్పుడు శేషన్న మైకు పట్టుకున్నాడు. కింద శవమై పడున్న హరిపద ఒక కన్ను తెరిచాడు.

"ఈ పాట రాసింది..." శేషన్న ఆగి, రెడ్డి ముఖంలో మెప్పు చూసి, చేతులు జోడించాడు. "తమ సేవకుడు, ఈ శేషన్నే!"

చప్పట్ల మధ్య రాజు శవం లేచి కూర్చుంది.

"అబద్ధమప్పా! ఆ పాట నాది. డోన్‌లో రాసుకున్యా. నేను ఈడ పుట్టినోణ్ణే!"

జనం నోళ్లు తెరిచారు. ఓబుళరెడ్డి తొడ చరుచుకున్నాడు.

"ఇన్యారా! మూడు నెలల్లో మన మాట ఎట్ల పట్టినాడో! నటుడంటే వాడప్పా! వన్స్ మోర్!"

హరిపద మెల్లగా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

"లేయప్పా, రెడ్డి అడుగుతాండాడు," తెర పక్క నుంచి శేషన్న పళ్లు కొరికాడు.

"చచ్చినా కదన్నా. ఇంక లేయను."

"మర్యాద పోతాది, లేయప్పా!"

"పోనీలే. నాది పోయి రెండేండ్లాయ."

అరిచి అరిచి జనం అలిసిపోయారు. చివరికి రెడ్డే చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "చావులో కూడా ఎంత నిష్ఠ! కలకత్తావోళ్లను చూసి నేర్చుకోవాల మనం." స్టేజీ ఎక్కి శవం రొమ్ముకు వెండి పతకం గుచ్చాడు.

హరిపద మళ్లీ ముఖానికి రంగు వేసుకోలేదు. డోన్ స్టేషన్లో పార్సిల్ గుమాస్తాగా చేరాడు. ఆ పాట కడపలో అచ్చయిన శేషన్న పాటల పుస్తకంలో మొదటి పేజీలో ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు హరిపదను పాడమని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బెంగాలీ పాటే కావాలంటారు.