బుధవారం కూటంలో అమ్మ మనవి

మా అమ్మ ఏది అడిగినా "మీ ఇష్టం" అనేది. చీర రంగు దగ్గర నుంచి కీమో దాకా అదే జవాబు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఇంట్లో "మీ ఇష్టం" అంటే పూర్తి అంగీకారమే అనుకునేవాళ్ళం. ఆ ధైర్యంతోనే ఆవిడకి ఏడాదికి పైగా వైద్యం చేయించాం.

జబ్బు అండాశయంలో మొదలైంది. మాకు తెలిసేసరికే కాలేయం దాకా పాకింది. నయం కాదని, మందుతో కొంతకాలం అదుపులో పెట్టవచ్చని కలకత్తా డాక్టరు మొదటి రోజే అమ్మ ఎదుట బెంగాలీలో చెప్పేశాడు. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగిన మనిషికి బెంగాలీ రాకపోవడమేమిటి, అంతా అర్థమైంది. "ఠీక్ ఆఛే" అని సంచి తీసుకుని లేచింది. దారిలో మాత్రం ఇంట్లో పాలు విరిగిపోతాయేమోనని రెండుసార్లు అంది.

పనులు పంచుకున్నాం. తమ్ముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో వాడి క్వార్టర్లోనే ఉండేది. టిక్కెట్లు, హౌరా లోకల్లో కిటికీ పక్క సీటు, ఆసుపత్రిలో వరసలో నిలబడడం వాడి వంతు. వంట మరదలిది. నేను స్కూల్లో పాఠాలు చెప్పుకుని సాయంత్రం సుభాష్‌పల్లి నుంచి టోటో రిక్షా ఎక్కి అక్కడికి వెళ్ళేదాన్ని. మాత్రలు, నోటిపూతకి మందు, వాంతి గిన్నె నావి. నేను ఏడవడం లేదని మరదలు ఎవరితోనో అందట. గిన్నె కడిగితే ఓ పని అయినట్టు కనిపిస్తుంది, ఏడిస్తే ఏమవుతుంది? పైగా ఆ గిన్నె కడిగే వంతు ఆవిడకి రాలేదు.

ఎండు చేపల పులుసంటే ప్రాణం పెట్టే అమ్మ, పక్క క్వార్టర్లో చేపలు వేయిస్తుంటే కిటికీలు మూయించేది. ఏం తిన్నా ఇనుము నాకినట్టుందనేది. "మీ నాన్న డూటీ నుండొచ్చి ఇప్పిన బట్టల వాసన నా నోట్లో ఉన్నాదే" అని ఒకసారి చెప్పింది. నాన్న పోయి చాలా కాలమైంది. ఆయనదీ వర్క్‌షాపే. ఆ వాసన నాకూ తెలుసు గనక ఆ పూట తినమని బలవంతపెట్టలేదు.

రెండో మందు కూడా పనిచేయడం మానేసింది. మూడోది ప్రయత్నించవచ్చు, హామీ ఇవ్వలేను అన్నాడు డాక్టరు. ఆపేసి, ఇంటి దగ్గరే నొప్పి తెలియకుండా చూసుకోవచ్చు అని కూడా అన్నాడు. ఆ రెండో మాట తమ్ముడి చెవికి ఎక్కలేదు. అమ్మ అలవాటు ప్రకారం "మీ ఇష్టం" అంది. మూడో మందు వచ్చే శుక్రవారానికి ఖాయం చేసుకుని ఇంటికొచ్చాం.

వాడి మీద నాకు కోపం వచ్చింది. వాడి బాధా తెలుసు. చెడిపోయిన రైలు పెట్టెని బాగుచేసి మళ్ళీ పట్టాలెక్కించడం వాడి ఉద్యోగం. చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడం వాడికి ఎవరూ నేర్పలేదు. ఇద్దరివైపూ అర్థమైన మనిషి ఎవరికీ పనికిరాదు. ఒంటరిగా ఉన్నప్పుడు అమ్మని అడిగాను, నీకు ఏం కావాలో చెప్పమని. తమ్ముడు ఎలాగంటే అలాగేనని గోడవైపు తిరిగి పడుకుంది. కొడుకు మాటకి ఎదురు చెప్పడం ఆవిడకి చేతకాదు.

శుక్రవారానికి ముందు బుధవారం ప్రార్థన కూటం తమ్ముడి క్వార్టర్లోనే జరిగింది. వారానికో ఇంట్లో పెట్టుకోవడం మా సంఘంలో పెద్దలనాటి పద్ధతి. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు మనవులు అడుగుతారు. ఒకరు మోకాళ్ళ నొప్పంటారు, ఒకరు కొడుకు ట్రాన్స్‌ఫరంటారు. ట్రాఫిక్‌లో ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలియాలంటే కూటాన్ని మించింది లేదు. ఒక్కో మనవినీ ఒక్కొక్కరికి అప్పగిస్తే, వాళ్ళు దాని కోసం పైకి ప్రార్థన చేయాలి. అప్పగించింది కాదనడం లేదు, మనవి మీద వాదన అసలే లేదు. ఆడవాళ్ళందరి తలలమీదా కొంగులుంటాయి గనక, అమ్మకి జుట్టు లేదన్న సంగతి ఆ ఒక్క గంటా ఎవరికీ కనపడదు. అందుకే ఆవిడ ఏ కూటమూ మానలేదు. తన గురించి మాత్రం ఎప్పుడూ ఏమీ అడగలేదు. అయ్యగారే ప్రతివారం సంపూర్ణ స్వస్థత కోసం ప్రార్థించేవారు.

ఆ రోజు మనవులు అయిపోయాయనుకున్నాక అమ్మ కొంగు సర్దుకుంది.

"నాదొక మనవి ఉన్నాది అయ్యగారూ. సుక్కురారం నన్ను మల్లీ కలకత్తా తీసుకెల్తారట. నాకు ఎల్లాలని లేదు. ఆ సూదులు ఇంక సాలు. ఎప్పుడు పోయినా నా యింట్లోనే పోవాలి. పిల్లలు బయపడతన్నారు. ఆల బయం తీరాలని పార్దన సెయ్యండి."

అయ్యగారికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. స్వస్థత కోసం ప్రార్థించిన నోటితోనే దీనికీ ప్రార్థించాలి. ఎవరికి అప్పగించాలా అని ఆయన అందరి మొహాలూ చూస్తున్నారు. నేను చాప అంచు పీకుతున్నాను.

"నా కొడుకు సేత్తాడు" అంది అమ్మ.

తమ్ముడు డూటీ బట్టలతోనే గుమ్మం దగ్గర కూర్చున్నాడు. మోకరించాడు. మావాళ్ళు ప్రార్థన చేస్తే బైబిలు తెలుగే వస్తుంది. వాడూ అలాగే, మహోన్నతుడవైన తండ్రీ, నీకు స్తోత్రములు అని మొదలుపెట్టి ఆగిపోయాడు. లేచి బయటికి వెళ్ళిపోతాడనుకున్నాను.

"అమ్మ అలిసిపోనాది ప్రభువా" అన్నాడు. "నాకు తెలుసు. ఆపీమంటే నానే సంపేసినట్టు అవుతాదని ఆపలేదు. ఇంక తీసుకెల్లను."

అమ్మ వాడి పక్కనే, కళ్ళు మూసుకుని వింటోంది. ఒకరితో ఒకరు అనలేని మాట ఇద్దరూ దేవుడితో చెప్పుకున్నారు. అయ్యగారితో సహా ఎవరికీ ఆమెన్ అనాలని తోచలేదు. కూటంలో ఏళ్ళ తరబడి పెదవులు కదపడం తప్ప మరేమీ చేయని నేను, పైకే అన్నాను. నా తర్వాత అమ్మ అంది. ఆ తర్వాత మరదలు అందరికీ టీ, కొబ్బరిముక్కలు వేసిన మురీ, అదే మరమరాలు, తెచ్చింది.

మందులు మానేశాక అమ్మ నోటికి కొన్నాళ్ళు రుచి వచ్చింది. ఎండు చేపల పులుసు అడిగి చేయించుకుని, ఉప్పు తక్కువైందని మరదలికి వంక పెట్టింది. వానలు పడ్డాక ఆ ఇంట్లోనే, తమ్ముడు పాదాలు రాస్తుండగా పోయింది. నేను స్కూల్లో ఉన్నాను.

నెల దాటాక తమ్ముడు అమ్మ పెట్టె తెరిచి చీరలు మంచం మీద పరిచాడు. నీకేవి కావాలని అడిగాడు.

"మీ ఇష్టం" అన్నాను.

వాడి చేతిలోని చీర అలాగే ఉండిపోయింది.

"ఆ మాట అనకు అక్కా. నీకేటి కావాలో సెప్పు."

"అమ్మ కావాలి" అన్నాను.

వాడు చీరలన్నీ వెతికి, అమ్మ కూటానికి కట్టుకునే నీలం చీర తీసి నా ఒడిలో పెట్టాడు.