నాలుగు వేళ్ల ఎత్తు

కంప్యూటరు ముందు కూర్చోబోతూ త్రికోటేశ్వరరావు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటాడు. పై సగం ఒకసారి, కింది సగం రెండుసార్లు. పై సగం దూరపు చూపుకి, కింది సగం అక్షరాలకి. దస్తావేజు లేఖరికి కింది సగమే అన్నం పెడుతుంది.

నరసరావుపేట రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట రేకుల పంచలో ముప్పై ఎనిమిదేళ్లు చాప మీద కూర్చుని రాశాడు. మధ్యలో టైపు కూడా నేర్చుకున్నాడు. మోకాళ్లు మొరాయించాక, అరవై మూడో ఏట, పని ఇంటికి తెచ్చుకున్నాడు. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కూతురు ధరణి బల్ల, చక్రాలున్న ఆఫీసు కుర్చీ, పెద్ద తెర పంపింది. తెర కంటికి సమంగా ఉండాలని ఫోనులో చెప్పింది కూడా. అది విని భార్య రాఘవమ్మ, ధరణి పెళ్లిపీటలు రెండూ అటక మీంచి దించి, ఒకదాని మీద ఒకటి వేసి, వాటి మీద తెర నిలబెట్టింది.

నెల తిరిగేసరికి ఆయన మెడ కొయ్యబారింది.

ఒకరోజు రొంపిచెర్ల నుంచి అంతోని అనే రైతు పొలం కొనుగోలు కాగితాలు రాయించుకోవడానికి వచ్చాడు. రాసింది పైకి చదివి వినిపించడం లేఖరి ధర్మం. సర్వే నంబరు నూట ముప్పై ఆరు అని చదవగానే అంతోని చెయ్యెత్తాడు.

"ఆగు బాబాయ్. అది మా బావమరిది పొలం. నేను కొనేది నూట ఎనభై ఆరు. వాడిది కూడా రాస్తే నేనొద్దనను గానీ, వాడు ఊరుకోడు."

అతనితో వచ్చిన సాక్షులు నవ్వారు. త్రికోటేశ్వరరావు నవ్వలేదు. ఒక్క అంకె తప్పితే ఒక పొలం ఇరవై ఏళ్లు కోర్టులో నలుగుతుంది. అలాంటి పొలాలు ఆయన ఎన్నో చూశాడు. ఆ సాయంత్రమే వెనక వీధి వడ్రంగి ఖాదర్ వలిని పిలిపించాడు.

"ఈ బల్ల తీసుకుపోరా. నేనిక రాయను."

"ఏంది బాబాయ్, చానా కోపంగా ఉన్నావు. తీసుకుపోయేముందు ఒక లైను చదువు, విందాం."

ఆయన కూర్చుని గడ్డం పైకెత్తాడు.

"అక్షరాలు తెర మీదున్నయ్యా, ఫ్యాను మీదున్నయ్యా?" అన్నాడు ఖాదర్.

"కింది అద్దంలోంచి చూడొద్దురా మరి?"

"అదీ సంగతి. నీ చూపు కిందకి, తెరేమో మీదకి. మెడేం చేస్తది పాపం." వంగి కాళ్ల వంక కూడా చూశాడు. అవి నేలకి ఆనకుండా వేలాడుతున్నాయి.

పీటలు తీసేశాడు. బల్ల కాళ్లు పెరట్లో నాలుగు వేళ్ల మేర కోసి, కుర్చీ దించాడు. అయినా మడమలు గాలిలోనే ఉంటే ఒక పీట పాదాల కిందికి తోశాడు.

"పెళ్లిపీట మీద కాళ్లు పెట్టిస్తావేందిరా," అంది రాఘవమ్మ.

"పిల్ల కూర్చున్న పీటే గదా పిన్నీ. అయ్యకి కాళ్లకన్నా పనికి రావద్దా?"

ఆమె ఆ పీట తీసి, వంటింటి పీట తెచ్చి వేసింది.

త్రికోటేశ్వరరావు అంతోని కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివాడు. గడ్డం లేవలేదు. ఎనిమిది ఎనిమిదిలాగే కనిపించింది. బల్ల తీసుకుపొమ్మన్న మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడాయనకి అరవై ఆరు. ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా, గంటకోసారి లేచి వసారాలో అటూ ఇటూ నడుస్తూ, రోజుకి రెండు దస్తావేజులు రాస్తున్నాడు.