పిడికిట్ల పుస్తెలు

మొన్న శుక్రవారం పొద్దుగాల నారాయణఖేడ్‌ల మా పెద్దమ్మ పోయింది. మా అమ్మకు అక్క. ముసలితనం వచ్చి, జరం వచ్చి పోయింది, గుండెతోని గాదు. గీ మాట గట్టిగ చెప్తున్న, ఎందుకంటె ఆ గుండె పేరు మీద మావోళ్లు ఆమెను మాటలతోనే ఎన్నడో పాడె ఎక్కించిండ్రు.

తొంభైల చివర్ల ముచ్చట. కంది చేన్ల కలుపు తీస్తుంటె ఆమెకు దమ్ము వచ్చేది. పట్నం తీస్కపోతె, గుండెల వాల్వు లీకైతుందన్నడు డాక్టర్. "అంటే ఫుట్‌బాల్ ఖరాబైందా?" అన్నది పెద్దమ్మ. ఆయన ఆట అనుకున్నడు పాపం. బాయిల మోటర్ పైపు అడుగున ఉండే వాల్వును మా దిక్కు ఫుట్‌బాల్ అంటరు. అది లీకైతె ఎత్తిన నీళ్లు మళ్ల బాయిలకే జారుతయి. నేను చెప్పినంక నవ్వి, గదే అన్నడు. నెత్తురు ఎంత ఎన్కకు మర్లుతుందో ఎకోల సాఫ్ కనవడతలేదు, ఎమ్మారై మిషన్ల గుండెకు ఫోటోలు తీయాలె. తక్కువైతె గోలీలు, ఎక్కువైతె గుండె ఉబ్బకముందే ఆపరేషన్ అన్నడు.

ఆ మిషన్ పెద్ద అయస్కాంతం. పుస్తెలు, మెట్టెలు అన్నీ తీస్తేనే లోపటికి పోనిస్తరు. వెంట వచ్చిన ఆమె అత్త అక్కడ్నే కూలవడి మొత్తుకుంది, కొడుకు బతికుండంగ పుస్తెలు తీస్తె వానికే కీడని. పెద్దమ్మ మొగడు, మా పెద్దబాపు, తల్లిని సముదాయించుకుంట కూసున్నడు. నాకు ఇప్పటికీ కోపమే. పెండ్లాం పానం కన్న తాడు పెద్దదా?

పెద్దమ్మ ఎవల్నీ అడగలే. తనే తీసి ఆయన చేతిల పెట్టింది.

"పట్టుకో. బతికొస్తె మళ్ల నువ్వే కడుతవు. నేను పోతె గిది ఎవల మెడకు?"

ముసలామె ఉరికొచ్చి పసుపుకొమ్ముకు దారం కట్టి మెడల ఏసింది. దానికి మాత్రం ఒప్పుకుంది. పసుపుతోని మిషన్‌కేం పంచాది అన్నది.

లోపట ఊపిరి బిగవట్టు, ఇడువు అని ఒకటే చెప్పుడట. నెత్తి మీద బోరు ఏస్తున్నట్టు చప్పుడట. బయట పెద్దబాపు పిడికిలి బిగవట్టి, తలుపు దిక్కే చూసుకుంట నిలవడ్డడు. చాయ్ ఇస్తె గూడ ఆ చెయ్యి తెరవలే.

లీకు అనుకున్నదాని కన్న ఎక్కువే తేలింది. ఆపరేషనైంది. ఇంటికొచ్చినంక ఆయనే పుస్తెలు కట్టిండు. అయినా వాడకట్టు నోరు ఊకుంటదా? ఆయనకు సర్ది అయినా ఈమెనే అనేటోళ్లు, మొగున్ని మింగుతదని. పెద్దమ్మ మాత్రం, మింగేదాన్నైతె గిన్నేండ్లు వండి పెడుతనా అని నవ్వేది. తర్వాత కల్హేర్ నుంచి, సిర్గాపూర్ నుంచి గసొంటి పరీక్షకు భయపడేటి ఆడోళ్లు ఆమె దగ్గరికి వచ్చేటోళ్లు. అందరికీ ఒకటే మాట: "మొగని చేతిల పెట్టి పో. దాని బరువు వానికి గూడ తెల్వాలె."

మొగున్ని మింగుతదని అన్నోళ్లంత మొన్న వచ్చిండ్రు. ముత్తైదువ చావు, పుణ్యాత్మురాలు అన్నరు. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పెద్దబాపు ఇంక ఉన్నడు. చెవులు వినవడవు, కర్ర పట్టుకొని నడుస్తడు, గాని ఉన్నడు. ఏమాయె మీ కీడు?

తానం చేపించంగ పుస్తెలు తీసి ఆయన చేతిల పెట్టిండ్రు. పాడె లేసి సడక్ మీదికి మర్లింది. ఆయన మాత్రం వాకిట్ల అట్లనే నిలవడ్డడు, పిడికిలి బిగవట్టి, ఇంటి తలుపు దిక్కు చూసుకుంట. లోపటికి రమ్మని చెయ్యి పట్టిన.

"ఆగు బిడ్డా," అన్నడు. "బయటికి రాంగనె కట్టాలె."