మా తాత ఉయ్యాల

మా ముత్తాత ఈ ప్రాంతపు దేశ్‌ముఖ్. మా తాత కోటలాంటి మా గడిలో టేకు ఉయ్యాల మీద కూర్చుని ఊళ్ల తగాదాలు తీర్చేవారు. ఆయన తప్ప దాని మీద మరెవరూ కూర్చునేవారు కాదు. నేను గోదావరిఖనిలో మానసిక చికిత్స చేస్తాను. షిఫ్టు దిగి వచ్చే గని కార్మికుల ఇంటి తగాదాలు వింటాను, తీర్పు మాత్రం చెప్పను.

ఉయ్యాలకు చెదలు పట్టిందని, కాల్చేశానని గడిని చూసుకునే మా అన్న ఒకసారి చెప్పాడు. నమ్మాను. మొన్న ఇద్దరం కలిసి జ్యోతినగర్‌లో ఒక పెళ్లికి వెళ్లాం. అక్కడ ఫొటోల కోసం జనం వంతులవారీగా ఒక ఉయ్యాల ఎక్కుతున్నారు. గొలుసుల మీది ఇత్తడి చిలుకలను చూసి అది మా తాతదేనని గుర్తుపట్టాను. అన్న ముఖం తిప్పుకున్నాడు.

"నీకు బాధైతదని చెప్పలే తమ్మీ. మనసు డాక్టరువు గదా, నువ్వే అర్థం చేస్కోవాలె."

అతని డబ్బు అవసరం, సిగ్గు, అబద్ధం అన్నీ అర్థమయ్యాయి. అర్థం చేసుకుంటే బాధ తగ్గుతుందని నా దగ్గరికి వచ్చేవాళ్లకు ఇన్నేళ్లూ చెప్పాను. నాకు తగ్గలేదు.

"అర్థమైందన్నా. అయినా నువ్వు నన్ను మోసం చేసినవ్" అన్నాను. "ఇంకేమన్న అమ్మినవా?"

అన్న తల వంచుకునే చెప్పాడు. ఉయ్యాలతో పాటు గడి పెద్ద తలుపులను కూడా అమ్మేశాడు.