రాయికి కట్టిన తాడు

తోంగ్‌పాల్‌లో ఇవాళ చింతపండు అంటే దుర్గమ్మ పేరే చెప్తారు. సుక్మా రోడ్డు మీద ఆమె షెడ్డు ముందు లారీలు ఆగుతాయి. ఆమెకు గుండె ధైర్యం ఎక్కువని అంతా అంటారు. మొదటి ఏడు ఆ గుండె ఎట్లా వణికిందో పక్కింటిదాన్ని కాబట్టి నాకు తెలుసు.

సంతకు ఆడవాళ్లు బుట్టల్లో తెచ్చే పండును సేట్లు గింజతో సహా కొనుక్కుని పోవడం ఆమె ఏళ్ల తరబడి చూసింది. గింజ కొట్టి, ఈనె తీసి అమ్మితే ఆ లాభం ఇక్కడే ఉంటుంది కదా అనుకుంది. మొగుడు ఉప్పలయ్యతో తగువు పడి మరీ ఎడ్ల జతను అమ్మించి, ఆ డబ్బుతో పండు కొంది. ఆ ఏడు పొలం బీడు పడింది. సంసారమంతా ఆ చింతపండు కుప్పలోనే ఉంది.

షెడ్డు ఎక్కడిది అప్పుడు! రోడ్డు పక్క ఖాళీ జాగాలో కుప్ప పోసి, పైన టార్పాలిన్ పరదా కట్టింది. మూడు మూలలకు చెట్లు దొరికాయి. నాలుగో మూల ఒక రాయి నిటారుగా నిలబడి ఉంది. రంగు లేదు, బొమ్మ లేదు. మేమూ దుర్గమ్మావాళ్లూ వలస వచ్చిన కోంట వైపు పొలం గట్ల మీద హద్దుకు పాతే రాళ్లు అచ్చం అట్లాగే ఉంటాయి. తాడు దానికి బిగించింది.

మర్నాడు పొద్దున చూస్తే ముడి విప్పి ఉంది. తెగలేదు, జారలేదు. తాడును చుట్టగా చుట్టి రాయి మొదట్లో పెట్టారెవరో. మళ్లీ కట్టింది. మళ్లీ అంతే.

"మేకలు గావచ్చక్కా," అంది నాతో.

"మేకలు తాడు చుట్టలు చుడుతయా ఏంది?" అన్నాను.

నాకు చూడకుండా ఉండబట్టదు. తెల్లవారుతుండగా వెళ్లి ఆ తాడు పట్టుకున్నాను. పరదా మీద మంచు పడి చల్లగా ఉంది. తాడు మాత్రం, అప్పుడే ఎవరి చేతిలోంచో జారినట్టు, వెచ్చగా ఉంది. వదిలేసి ఇంటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను.

గింజ కొట్టడానికి వచ్చే ఆడవాళ్లు ఆ మూలకు వీపు పెట్టి కూర్చునేవాళ్లు కాదు. పొద్దు వాలితే, అందరి చేతులూ ఆగాక కూడా, పరదా కింద పెచ్చు పగిలే చప్పుడు వినిపించేది. టక్. కాసేపటికి మళ్లీ టక్. ఒకరోజు ఆ చప్పుడు కాగానే అందరూ లేచి వెళ్లిపోయారు. మరి రాలేదు.

"ఎడ్లనమ్మి చింతపండు మీద కూసున్నవ్. ఇగ నువ్వే కొట్టుకో," అన్నాడు ఉప్పలయ్య.

"కొట్టుకుంట. నీ నోరు కూడా కొట్టి ఈనె తీస్త, ఆగు," అంది దుర్గమ్మ. కాని ఆ కుప్ప ఇద్దరి వల్ల అయ్యేది కాదు. పైగా ఎండాకాలపు వానలు దగ్గర పడ్డాయి. తడిస్తే పండు నల్లబడి బూజు పడుతుంది, ఎవడూ కొనడు.

సంత రోజున హిడ్మేను పట్టుకున్నాను. గింజ కొట్టేవాళ్లలో ఆమె పెద్దది. ఏటా మిరప కోతలకు భద్రాచలం వైపు పోతుంది, తెలుగు వచ్చు. ఆకుల దొప్పలు అమ్ముకుంటుంటే పక్కన కూలబడి, చెప్పేదాకా లేవనన్నాను.

"దీదీ, ఆ రాయి మా అత్త," అంది.

"ఏందీ?"

"అత్త చచ్చిపోయినాక మేం పెట్టినం. మీ దుర్గమ్మ మెడకు తాడేసి కట్టింది, గొడ్డును కట్టినట్టు."

"మరి మొదటి రోజే చెప్పొద్దా?"

"తెలిసే కట్టింది అనుకున్నం. తెలిసి కట్టినోళ్లకు ఏం చెప్తం?"

"రోజూ ముడి విప్పేది మీరేనా?"

హిడ్మే దొప్పలు సర్దడం ఆపి నా వైపు చూసింది. "రాత్రి పూట మేం ఆడికే పోము," అంది.

నేను పరుగున వచ్చి చెప్పేసరికి ఆకాశం మూసుకుంది. గాలి లేచింది. దుర్గమ్మ వినీ వినగానే లేచింది. నేరుగా రాయి దగ్గరికి నడిచి ముడి మీద చెయ్యి వేసింది.

ఉప్పలయ్య అడ్డం వచ్చాడు. "పిచ్చి లేచిందా? గుంజ పాతుదమంటే కింద బండ. ఈ ఒక్క వాన పోనియ్, రేపు విప్పుదువు."

"వాన పోయినంక విప్పితే ఆమె కోసం విప్పినట్టా, నా పని అయిపోయింది కాబట్టి విప్పినట్టా?"

"పండు పోతే ఏం తింటం?"

"నాకు తెల్వదు," అంది. ముడి రాకపోతే పంటితో లాగి విప్పింది. పరదా మూల లేచి ఫెళఫెళా కొట్టుకుంది. దుర్గమ్మ చెంగుతో రాయిని తుడిచి, కుప్ప వైపు చూడకుండా అక్కడే వంగి కూర్చుంది.

సంత నుంచి తిరిగొచ్చే ఆడవాళ్లు రోడ్డు మీద నిలబడిపోయారు. తొలి చినుకులు పడ్డాయి. అప్పుడు హిడ్మే నెత్తి మీది గంప దించి వచ్చింది. ఆమె వెనక మిగతావాళ్లు వచ్చారు. కొందరు చెట్ల వైపు అంచులు పట్టుకున్నారు, కొందరు బుట్టలతో పండు మా వసారాలోకి మోశారు. ఎగురుతున్న ఆ నాలుగో మూలను పట్టుకుందామని నేను పోయాను. పట్టుకునే పని లేకపోయింది. గాలి అంతగా కొడుతున్నా ఆ మూల, ఎవరూ పట్టుకోకుండానే, మనిషి ఎత్తున బిగువుగా నిలబడి ఉంది. నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కుప్పలో కొంత నల్లబడింది. దుర్గమ్మ దాన్ని మంచి పండులో కలపలేదు, విడిగా పెట్టి నల్లదని చెప్పే అమ్మింది. గీదం ఊరి వ్యాపారి మరుసటి ఏడు వెతుక్కుంటూ వచ్చింది ఆ మాట మీదే. ఇప్పుడు ఆమె ఏ కొత్త జాగా తీసుకున్నా, సరుకు దించక ముందు ఆ ఊరి ఆడవాళ్లతో సంతలో ఒక పూట కూర్చుంటుంది.

"అంత ధైర్యం ఎట్లా వచ్చిందే నీకు?" అని ఒకసారి అడిగాను.

"ధైర్యమేడిదక్కా. పొద్దు వాలినంక ఆ టక్ చప్పుడు వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తది," అంది.

ఇప్పటికీ అంటే? అడగబోయాను. షెడ్డు లోపల ఆడవాళ్లు వరసగా కూర్చుని గింజ కొడుతున్నారు. దుర్గమ్మ అందరికీ బుట్టలు ఇస్తూ వచ్చి, చివర హిడ్మే పక్కన ఖాళీగా ఉన్న చాప ముందు కూడా ఒక బుట్ట పెట్టింది. హిడ్మే తల ఎత్తకుండానే, చోటు సరిపోయేలా, కాస్త ఇటు జరిగింది.