గెడ్డలో కడిగిన డబ్బా

మా బొబ్బిలి వైపు వరికి మందు కొట్టగానే డబ్బాను గెడ్డలో కడిగేయడం అందరికీ అలవాటు. కడగకపోతే స్ప్రేయరు నాజిలు పూడుకుపోతుంది. నేను డిగ్రీలో జువాలజీ చదువుతున్న ఏడాది వానలు వెనకబట్టి, పొలాల మధ్య పారే ఆ గెడ్డలో నీళ్లు మోకాలిదాకా కూడా లేవు. నాన్న వరికి పట్టిన దోమకు మందు కొట్టొచ్చి, అందరిలాగే డబ్బా కడిగి, అడుగున మిగిలిన మందు కూడా అందులోనే కుమ్మరించాడు. గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉన్నాను. పుస్తకంలో చదివింది పొలంలో గుర్తొస్తే కదా, నా మొహం!

గంట తిరక్కుండానే కింది మడుగులో చేపలు తేలాయి. పరిగెలు తెల్లగా వెల్లకిలా పడ్డాయి. కొర్రమీనులు ఓ పక్కకు ఒరిగి, వణుకుతూ గుండ్రంగా తిరుగుతున్నాయి. జనం తట్టలు పట్టుకుని వచ్చేశారు. పక్కింటి అత్త, నాన్నకు చెల్లెలి వరస, అన్నిటికంటే పెద్ద కొర్రమీనును పట్టుకుంది. ఆమె కూతురు పురుడు పోసుకుని ఇంట్లోనే ఉంది. బాలింతకు కొర్రమీను బలమని అత్త సంబరం.

నీళ్లలో గాలి తగ్గితే పరిగెలు చస్తాయి. కొర్రమీను అలా చావదు, పైకొచ్చి గాలి మింగే చేప అది. అదే వణుకుతోందంటే నరాలకు మందు పట్టినట్టే.

"అత్తా, అది వండకు. మందు తిన్న చేప," అన్నాను.

"ఏటే నీ సదువు? బతికున్న సేపని ఎవులైనా పారేస్తారా? అయినా ఎవులి మందే?"

అత్త చేప తట్టలో వేసుకుని ఇంటిదారి పట్టింది. అప్పుడు నా వెనక నుంచి నాన్న గొంతు వినబడింది.

"నా మందే సెల్లీ. ఇందాక డబ్బా నానే కడిగినాను. ఆ సేప ఇలాగియ్యి."

పదిమంది ముందూ తట్ట తీసుకున్నాడు. అందరినీ అడిగి అడిగి చేపలు వెనక్కి తెచ్చి, గెడ్డకు దూరంగా మెట్టలో గొయ్యి తీసి పాతిపెట్టాడు. తిట్టినవాళ్లు తిట్టారు, తలొంచుకుని పడ్డాడు.

మర్నాడు టీకొట్టు దగ్గర ఒకాయన ఎత్తిపొడిచాడు. "సదివించిన పిల్లే నీ పరువు తీసినాది గదా మావా."

"అది నోరిప్పకపోతే ఆ బాలింత కూర తినేసును. అప్పుడు పోయేది నా పరువు," అన్నాడు నాన్న.

ఇప్పుడు నేను కాలేజీలో జువాలజీ చెబుతున్నాను. చేపల మీద పురుగుమందుల పాఠం వచ్చినప్పుడల్లా, ఆ గెడ్డలో మందు కలిపిందీ, పదిమంది ముందూ ఒప్పుకున్నదీ మా నాన్నే అని పిల్లలకు చెబుతాను. గొప్పగానే చెబుతాను.