పుదీనా వాసన

మా పక్క క్వార్టరు కాకను తలుచుకుంటే ముందు ఆయన వేళ్లే గుర్తొస్తాయి. భూమి లోపల బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. కరోనా రోజుల్లో మాంసం మానేసి, పెరట్లో పెంచిన పుంటికూర, కొయ్యగూర లాంటి ఆకుకూరలే తినేవాడు. పొద్దున్నే పిట్టగోడ మీద నాకో పుదీనా రెమ్మ పెట్టి, దూరం జరిగి, తానూ ఒక ఆకు నలిపేవాడు.

"వాసనొస్తుందా బిడ్డా?"

వస్తుందంటే, "ఇయ్యాల ఫికర్ లేదు" అనేవాడు.

ఒకరోజు ఆకును చాలాసేపు ముక్కు దగ్గరే పెట్టుకున్నాడు. "ఇది పుదీనానేనా?" అన్నాడు మెల్లగా. నేను పిట్టగోడ దగ్గరికి జరిగాను. "దగ్గరికి రాకు" అంటూ లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. సాయంత్రం దవాఖానకు తీసుకెళ్లారు.

కాక బతికి వచ్చాడు. వాసన తెలుస్తోందా అని అడిగాను.

"తెలుస్తుంది. కని ఏది నలిపినా బాయిల వాసనే. పుంటికూర పప్పు ముందట పెట్టుకుంటే బాయిల ఉన్నట్టే పైకప్పు మీద కూలుతదేమో అనిపిస్తది."

"మరెట్ల తింటున్నవ్ కాకా?"

"తినకుంటే బతుకుతమా?"

తర్వాతొక మధ్యాహ్నం వాళ్లింటికి వెళ్లాను. బయట ఎండ మండిపోతోంది. కాక తలుపులన్నీ తెరిచి, లైట్లన్నీ వేసుకుని, పైకప్పు మీంచి చూపు తిప్పకుండా ముద్ద వెంట ముద్ద మింగుతున్నాడు.